మేకు కన్నా ముడి మేలు!

హైదరాబాదు నుంచో, అనంతపురం నుంచో చుట్టాలు మన విశాఖ వస్తే మొదట అనే మాట ఒకటే. "మీకేమిటమ్మా, పొద్దున్న లేస్తే సముద్రం!" అని. నిజమే. సాయంత్రం బీచ్ రోడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఎంతటి అలసటైనా ఇట్టే ఎగిరిపోతుంది. కానీ ఆ సముద్రం బీచ్ రోడ్డు దగ్గర ఆగిపోదనీ, గుమ్మం దాటి వంటింటి దాకా వస్తుందనీ వాళ్ళకేం తెలుసు? గ్యాస్ స్టవ్ కాళ్ళకు తుప్పు. కుట్టుమిషను చక్రానికి తుప్పు. తలుపు బందులకు తుప్పు. బీరువాలో భద్రంగా మడతపెట్టిన చీరకు గుచ్చిన పిన్నీసుకీ తుప్పే!

"విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో రాష్ట్రమంతా గొంతెత్తి సాధించుకున్న ఉక్కు నగరం మనది. ఆ ఉక్కుని ఉప్పు ఎలా తింటుందో రోజూ చూస్తున్నదీ మనమే.

ఏడాదికోసారి రంగులవాణ్ణి పిలవడం, రెండేళ్ళకోసారి బట్టల దండెం మార్చడం, మూడేళ్ళకోసారి బాత్‌రూం అర పీకించడం... ఇదంతా సముద్రం పక్కన ఉన్నందుకు కట్టే పన్ను అని చాలామంది ఇల్లాళ్ళు సరిపెట్టుకుంటారు. అక్కర్లేదండీ! మన చేతుల్తో మనమే చేసుకోగల చిన్న చిన్న వస్తువులు, అదీ పదేళ్ళు మన్నేవి, ఉన్నాయి. ఖరీదైన సామాను కూడా అవసరం లేదు. ఉప్పుగాలి ఎలా పనిచేస్తుందో కాస్త తెలిస్తే చాలు.

వాన తగలని చోటే తుప్పు

ముందొక చిన్న ప్రశ్న. మీ కిటికీ గ్రిల్‌కి ఎక్కడ ముందు తుప్పు పట్టింది? వానలో తడిసే పైభాగానా, సన్‌షేడ్ కింద పొడిగా ఉండే చోటా? ఒకసారి వెళ్ళి చూసి రండి. చాలా ఇళ్ళలో వాన తగలని మూలల్లో, కమ్మీల అడుగువైపున, అతుకుల దగ్గర తుప్పు ఎక్కువగా ఉంటుంది.

ఎందుకంటే ఇక్కడ అసలు దొంగ వాన కాదు, ఉప్పు. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నటి తుంపర ఎండిపోయి, ఉప్పు రేణువులుగా గాలిలో తేలి వచ్చి మన గ్రిల్ మీద కూర్చుంటుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటిందంటే ఆ ఉప్పు దానంతటదే నీళ్ళు పీల్చుకుని కరుగుతుంది. వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం మనకు తెలియనిదా! అదే పని గ్రిల్ మీద కూడా జరుగుతుంది. అంటే పైకి పొడిగా కనిపించే ఇనుము మీద కూడా కంటికి కనపడని ఉప్పునీటి పొర ఉంటుందన్నమాట. వాన పడే చోట ఆ ఉప్పు కడుక్కుపోతుంది. వాన తగలని చోట పేరుకుపోతుంది. అందుకే తీరంలో ఇంటికి మంచినీటి స్నానమే మొదటి మందు.

ఇంకో సంగతి. తుప్పు, తాను తిన్న ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. గోడలోపలి స్క్రూ తుప్పుపట్టి ఉబ్బితే గోడ పగులుతుంది. శ్లాబులోపలి ఊచ ఉబ్బితే పెచ్చులూడి పడతాయి.

పూలకుండీ పడిన రోజు

ఇదంతా రంగు, అందం గొడవే అనుకుంటే పొరపాటు. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పై అంతస్తు వారి పూలకుండీ బ్రాకెట్ ఒకనాటి ఉదయం గోడనుంచి ఊడి, కుండీతో సహా కింద నిలబెట్టిన స్కూటరు మీద పడింది. స్కూటరు సీటు చీలిపోయింది. అక్కడ రోజూ వాకిలి ఊడ్చే ఆవిడ అప్పుడే చీపురు పట్టుకుని అటు పక్కకు వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఊడిన బ్రాకెట్ చూస్తే బయటికి చక్కగా తెల్లరంగు వేసి మెరుస్తోంది. గోడలో దాగిన స్క్రూలు మాత్రం అగ్గిపుల్లల్లా సన్నబడిపోయి ఉన్నాయి.

ఆ రోజు నుంచీ మా అంతస్తుల్లో ఆడవాళ్ళం అంతా తలెత్తి చూడటం మొదలుపెట్టాం. ఎవరి బాల్కనీలో ఏం వేలాడుతోంది? దాని కింద ఎవరు నడుస్తారు? సాధారణంగా పనిమనుషులు, బడి వ్యాను కోసం నిలబడే పిల్లలు, పాలవాడు. మన ఇంటి అందం వాళ్ళ తలమీద వేలాడకూడదు కదా!

అందుకని మొదటి నియమం: బరువైనది ఏదీ గోడకు వేలాడదీయొద్దు. నేలమీద నిలబెట్టండి. కుండీలకు స్టాండు ఎలాగో కింద చెబుతాను.

మేకు లేని పడవ

ఉప్పునీటితో తరతరాలుగా కాపురం చేసినవాళ్ళు ఎవరు? మన జాలర్లు. వాళ్ళ తెప్ప చూసి ఉంటారు. దుంగల్ని పక్కపక్కన పేర్చి తాళ్ళతో బిగించి కట్టిందే తెప్ప. అందులో ఇనుప మేకు ఉండదు. మన తీరంలో ఒకప్పుడు మసూలా పడవలని ఉండేవి. చెక్కల్ని మేకులతో కాకుండా కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. అవును, బట్ట కుట్టినట్టు కుట్టడమే! 1933లో విశాఖ రేవు ప్రారంభం కాకముందు ఓడలు సముద్రంలో దూరంగా లంగరు వేసుకుంటే, కెరటాలను దాటి మనుషుల్నీ సరుకుల్నీ ఒడ్డుకు చేర్చినవి ఇలాంటి కుట్టుపడవలే.

ఎందుకలా? మేకు కొట్టిన పడవ కెరటం దెబ్బకు బిగుసుకుని విరుగుతుంది. కుట్టిన పడవ కాస్త వంగి, దెబ్బను ఓర్చుకుంటుంది. పైగా కొబ్బరి పీచుకు ఉప్పునీరు పెద్ద శత్రువు కాదు. కుట్టు పాడైతే పడవంతా పారెయ్యక్కర్లేదు. విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. ఇప్పుడు చాలావరకు ఫైబరు బోట్లు వచ్చేశాయి గానీ ఆ తెలివి మాత్రం పాతబడలేదు.

మా వీధికి చేపలు తెచ్చే ఒకావిడ నేను బాల్కనీలో తాడు కడుతుంటే కిందనుంచి చూసి నవ్వింది. పైకి వచ్చి తాడు నా చేతిలోంచి తీసుకుని, "గట్టిగా కట్టడం ఎవులికైనా వొచ్చమ్మా. ఇప్పినప్పుడు ఊడి రావాల గదా, అదీ ముడి అంటే!" అంది. ఆ ఒక్క మాటలో తీరప్రాంతపు ఇంటి శాస్త్రమంతా ఉంది. విప్పగలిగేలా కట్టు. కడగగలిగేలా నిలబెట్టు. నీరు జారిపోయేలా చెయ్యి. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా చేతిపనే.

బట్టల తాడు

ఇది అందరికీ కావలసింది. అంగట్లో దొరికే రంగురంగుల చవక ప్లాస్టిక్ తాడు ఎండకు పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది. మామూలు నైలాన్ తాడు బలమైనదే గానీ తడిస్తే సాగుతుంది, చీరలు నేలను ఊడుస్తాయి. పాలిస్టర్ అల్లిక తాడు అడిగి తీసుకోండి. ఎండకు ఆగుతుంది, తడిసినా పెద్దగా సాగదు. పూర్ణా మార్కెట్ వైపో, ఫిషింగ్ హార్బర్ దగ్గర వలలూ తాళ్ళూ అమ్మేచోటో విచారించండి. 6 మిల్లీమీటర్ల లావు చాలు.

తాడు కొస పీచులు విడిపోకుండా కొవ్వొత్తి మంట దగ్గర ఒక్క క్షణం ఉంచి కరిగించండి. కరిగింది వేలికి అంటుకుంటే చర్మం ఊడి వస్తుంది కాబట్టి ముట్టుకోకుండా తడి గుడ్డతో అదమండి.

గోడకు కన్నాలు వద్దు. బాల్కనీకి రెండు వైపులా గట్టి కమ్మీలుంటే వాటికే కట్టుకోవచ్చు. కమ్మీకి తాడు రాసుకుని రంగు లేచిపోతుంది, రంగు లేచినచోటే తుప్పు మొదలవుతుంది. అందుకని పాత రబ్బరు గొట్టం ముక్క, జానెడుది, పొడవునా చీల్చి కమ్మీకి తొడగండి. దాని మీద తాడు కొసను రెండు చుట్లు తిప్పండి. ఆ కొసతో, బిగువుగా ఉన్న తాడు మీద ఒక ముడి వేసి, దాని పక్కనే అదే దిక్కుగా ఇంకొకటి వెయ్యండి. అంతే. బరువు చుట్ల మీద పడుతుంది గానీ ముడి మీద పడదు. కాబట్టి పీటముడి పడి గోళ్ళు విరగ్గొట్టుకోనక్కర్లేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు విప్పుకోవచ్చు.

"వీణ తీగలా బిగించాలి" అనుకుంటారు కొందరు. అదే చేటు. పది అడుగుల తాడు మధ్యలో 4 కిలోల తడి దుప్పటి వేశారనుకోండి. తాడు మధ్యలో అర అడుగే జోలితే, రెండు చివరలా ఒక్కొక్క చోట దాదాపు 20 కిలోల లాగుడు పడుతుంది! ఒక అడుగు జోలనిస్తే అది 10 కిలోలకు దిగుతుంది. తాడు కాస్త జోలితే చూడ్డానికి బాగుండకపోవచ్చు గానీ కమ్మీ బతుకుతుంది. బరువు బట్టలు చివరల దగ్గరా, తేలిక బట్టలు మధ్యలో వేసుకోండి.

కుండీల స్టాండు

ఉత్తరాంధ్ర తీరమంతా సరుగుడు తోటలే. ఇళ్ళు కట్టేచోట సెంట్రింగుకు వాడేది ఆ కర్రలే. బొటనవేలి కన్నా లావుగా, తిన్నగా ఉన్నవి తెచ్చుకుని, బెరడు గీకేసి, నీడలో రెండు మూడు వారాలు ఆరనివ్వండి. బెరడు ఉంచితే దాని కింద పురుగు చేరుతుంది.

రెండు అంతస్తుల స్టాండుకు లెక్క ఇది. కాళ్ళు: 3 అడుగులవి 4. పొడుగు అడ్డకర్రలు: రెండున్నర అడుగులవి 4. పొట్టి అడ్డకర్రలు: ఒకటింపావు అడుగువి 4. వెనకవైపు గుణకారం గుర్తులా వేయడానికి 4 అడుగులవి 2. పక్కల ఏటవాలుగా వేయడానికి మూడున్నర అడుగులవి 2. పైన పరవడానికి ఒకటింపావు అడుగు ముక్కలు 20.

కర్ర మీద కర్ర అడ్డంగా పెట్టి 4 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడుతో కట్టాలి. మొదట నిలువు కర్రకు ఒక ముడి. తర్వాత అడ్డకర్ర మీదుగా, నిలువు కర్ర వెనకగా, మళ్ళీ అడ్డకర్ర మీదుగా నాలుగు చుట్లు. ఇప్పుడు అసలు కిటుకు. రెండు కర్రల నడుమ నుంచి, వేసిన ఆ చుట్లనే చుడుతూ ఇంకో రెండు చుట్లు గట్టిగా లాగి బిగించండి. పూలజడకు చివర రిబ్బను బిగించినట్టు! అక్కడితో అతుకు రాయిలా కూర్చుంటుంది. ఏటవాలు కర్రలు మాత్రం మానకండి. అవి లేకపోతే స్టాండు పక్కకు ఒరిగిపోతుంది.

పరిచే ముక్కల మధ్య వేలెడు సందు వదలండి. కుండీ నీళ్ళు అక్కడే కిందికి జారిపోవాలి. కర్రల కోసిన కొసలే నీళ్ళు ఎక్కువగా తాగుతాయి. వాటికి మాత్రం రెండు పూతల ఎనామిల్ వేసి, కాళ్ళ కింద పగిలిన గ్రానైట్ ముక్కలు పెట్టండి. కాళ్ళకు ప్లాస్టిక్ మూతలు తొడిగితే ముచ్చటగా ఉంటుంది గానీ వాటిలో నీళ్ళు నిలిచి కర్ర కుళ్ళుతుంది.

మొదటి స్టాండు కడుతుంటే మా అత్తయ్యగారు, "మా వంశంలో రంపం పట్టిన కోడల్ని చూళ్ళేదు" అన్నారు. అది మెచ్చుకోలో, దెప్పుడో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. మూడోరోజు ఆవిడే, "నా తులసికోటకి కూడా ఇలాంటి పీట ఒకటి కట్టి పెట్టవే" అన్నారు!

స్క్రూ కొనేటప్పుడు

అన్నీ తాళ్ళతో కాదు కదా. బాత్‌రూంలో అర బిగించాలంటే స్క్రూ తప్పదు. షాపులో "స్టెయిన్‌లెస్ స్టీలే అమ్మా, చూడండి, అయస్కాంతం అంటుకోవట్లేదు" అని చూపిస్తారు. ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో రకాలున్నాయి. చవక రకం 202లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు. మనకు బాగా తెలిసిన మంచి రకం 304. సముద్రపు ఉప్పుకు ఇంకా బాగా ఆగేది 316. అందులో మాలిబ్డినం అనే లోహం 2 నుంచి 3 శాతం దాకా ఉంటుంది. ఈ మూడింటికీ అయస్కాంతం సాధారణంగా అంటుకోదు! కాబట్టి అయస్కాంతాన్ని నమ్మకండి. పెట్టె మీద అంకె చూడండి, బిల్లు మీద రాయించుకోండి. ఇల్లంతా 316 అక్కర్లేదు. బాల్కనీకీ, సముద్రం వైపు కిటికీలకీ అది. ఇంటిలోపలికి 304 చాలు.

రెండో సంగతి, లోహాల కాపురం. రెండు వేరు వేరు లోహాలు కలిసి ఉప్పుతడిలో ఉంటే ఒకటి రెండోదాన్ని బలి తీసుకుంటుంది. అల్యూమినియం కిటికీకి ఇత్తడి స్క్రూ బిగిస్తే అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. తప్పనిసరైతే మధ్యలో ప్లాస్టిక్ వాషర్ వెయ్యండి.

ఈ గుణాన్నే మంచికి కూడా వాడుకుంటారు. 1948లో నెహ్రూగారి చేతుల మీదుగా 'జల ఉష' నీటిలోకి దిగింది మన విశాఖ షిప్‌యార్డులోనే కదా. ఉక్కు ఓడల అడుగున జింకు దిమ్మలు బిగిస్తారు. సముద్రం ముందు జింకును తింటుంది, ఉక్కు జోలికి రాదు. దిమ్మ అరిగితే కొత్తది వేస్తారు. మనం కొనే జీ.ఐ. బకెట్టు, జీ.ఐ. తీగ మీద ఉండే పూత కూడా అదే జింకు. కాబట్టి జీ.ఐ. సామాను కొస కోసినా, కన్నం వేసినా ఆ చోట వెంటనే రంగు పూయాలి.

స్క్రూ బిగించేముందు కొంచెం గ్రీజు గానీ, వాజలీన్ గానీ రాయండి. లోపలికి తడి చేరదు, రేపు విప్పాలన్నా సులువు. కొబ్బరినూనె మాత్రం రాయకండి. నాలుగు రోజులకు జిడ్డుకట్టి దుమ్ము పట్టుకుంటుంది.

అరకు చెక్క కావాలంటే ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ తీసుకోండి. మెరైన్ అన్నారు కదా అని అలాగే బిగించేస్తే లాభం లేదు. కోసిన అంచులన్నిటికీ ప్రైమరు, రంగు పట్టించాలి. గోడకు రెండు వేళ్ళ సందు వదలాలి. అర ముందుకు వెంట్రుకవాసి వాలి ఉంటే నీళ్ళు నిలవవు.

గ్రిల్‌కి మనమే రంగు వేస్తే

రంగులు వేసేవాళ్ళు సాధారణంగా చేసేది ఏమిటి? తుప్పు గీకుతారు, రంగు పూస్తారు. ఉప్పు మాత్రం కడగరు. రంగు కింద మిగిలిన ఉప్పు తేమను లోపలికి లాగి బొబ్బలు తెప్పిస్తుంది. ఆరు నెలలకే పెచ్చులు! మనం వరస మార్చాలి.

మొదట మంచినీళ్ళతో, గుడ్డతో గ్రిల్ అంతా కడగాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పనికిరావు. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి ఉంచుకోండి. అందులో ఉప్పు ఉండదు, ఖర్చూ ఉండదు. తర్వాత వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ఎమరీ కాగితంతో రుద్ది, మళ్ళీ ఒకసారి కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరిన రోజునే ప్రైమరు వెయ్యాలి. రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి ఉప్పు మళ్ళీ వచ్చి కూర్చుంటుంది. మామూలు రెడాక్సైడ్ కన్నా జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు మేలు. దాని మీద రెండు పూతల ఎనామిల్. అంచులకూ, అతుకులకూ ముందే ఒక పూత సన్నటి కుంచెతో వేసుకోండి. రంగు పలచబడేది అక్కడే.

పాత ఇళ్ళలో పాత రంగు గీకేటప్పుడు జాగ్రత్త. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండొచ్చు. పొడిగా రుద్దితే లేచే ఆ దుమ్ము చిన్నపిల్లలకు హాని. తడిపి రుద్దండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పిల్లల్ని ఆ పూట అమ్మమ్మగారింటికి పంపండి.

ఈ పనికి సంక్రాంతి వెళ్ళాక మంచిది. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వెళ్ళిపోయి గాలి కాస్త పొడిగా ఉంటుంది. మంచు పూర్తిగా విడిచాక మొదలుపెట్టి, సాయంత్రం నాలుగుకల్లా కుంచె కడిగేయండి. ఆ తర్వాత నెలకొకసారి ఏసీ నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు, ముఖ్యంగా వాన తగలని మూలలు.

ఇంకొక్క మాట. ఇంట్లో చిన్న సిమెంటు పని పడితే, "బీచ్‌లో ఇసకే కదా, ఓ సంచీడు తెద్దాం" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తీరంలో ఇసక తవ్వడం చట్టరీత్యా నేరం. పైగా ఆ ఇసకలోని ఉప్పు గోడలో చేరి తెల్లగా పొంగుతుంది, లోపలి ఊచను తినేస్తుంది.

తుపాను రోజుకు ముందు

2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ తేదీ విశాఖలో ఎవరు మరిచిపోతారు? హుద్‌హుద్ గంటకు దాదాపు 180 కిలోమీటర్ల వేగంతో మన ఊరి మీదికి వచ్చింది. విమానాశ్రయం కప్పే ఎగిరిపోయింది. వేలాది చెట్లు కూలాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఇళ్ళలో చాలా నష్టం చేసింది గాలి ఒక్కటే కాదు, గాలి మోసుకొచ్చిన సామాను. ఒకరి బాల్కనీలోని కుండీ, రేకు, ఇనప దండెం ఇంకొకరి కిటికీలోకి వెళ్ళాయి.

విప్పగలిగే ముడి విలువ అప్పుడు తెలుస్తుంది. మన బట్టల తాడు, స్టాండు అన్నీ పావుగంటలో విప్పి లోపల పెట్టేయగలగాలి. హెచ్చరిక వచ్చాక నేర్చుకునే విద్య కాదిది. ఏటా సెప్టెంబరులో ఒకరోజు పిల్లల్తో కలిసి గడియారం పెట్టుకుని విప్పి చూడండి. వాళ్ళకు ఆట, మనకు ధీమా.

కిటికీ అద్దాలకు గుణకారం గుర్తులా టేపు అంటిస్తే పగలవని ఒక నమ్మకం ఉంది. టేపు అద్దాన్ని ఆపలేదు. పగిలితే పెద్ద పెద్ద ముక్కలుగా వచ్చి పడతాయి, అది ఇంకా ప్రమాదం. దానికి బదులు 12 మిల్లీమీటర్లకు తగ్గని ప్లైవుడ్ పలకలు కిటికీ కొలతకు ముందే కోయించి పెట్టుకోండి. అంచున నాలుగైదు చోట్ల జంట కన్నాలు, వాటికి తాళ్ళు. పలక మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి: "పడగ్గది, తూర్పు కిటికీ" అని. చీకట్లో వెతుక్కోనక్కర్లేదు. గ్రిల్ లోపలివైపు ఉన్న ఇళ్ళలో ఆ పలకను గదిలోనుంచే గ్రిల్‌కు కట్టేస్తే అద్దం పగిలినా గాజుముక్కలు చాలావరకు గదిలోకి రావు. గ్రిల్ బయట ఉన్న ఇళ్ళవాళ్ళు సరైన ఏర్పాటు ఏదో ఎండరోజునే వడ్రంగితో చేయించుకోవాలి. గాలి లేచాక పిట్టగోడ ఎక్కే సాహసం మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా చెయ్యకూడదు. పలకలు మంచం కింద నిలవ పెట్టుకోవచ్చు. నేలకు తగలకుండా అడుగున రెండు చెక్కముక్కలు పెట్టండి.

పనిముట్ల డబ్బా

ఒక చేతిరంపం, చిన్న సుత్తి, రెండు స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయరు, వైరు బ్రష్షు, టేపు, ఎమరీ కాగితం, కళ్ళకు అద్దాలు. ఇంతే పెట్టుబడి. పని అయ్యాక తుడిచి, కుట్టుమిషను నూనె చుక్క రాసి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారెయ్యకుండా అందులో వేయండి. పిల్లల చేతికి మాత్రం అందనివ్వొద్దు.

ఆ డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చాలా ఇళ్ళలో పెద్ద ప్రశ్న. స్కూటరు పక్కన, అటక మీద, మగవాళ్ళకు మాత్రమే తెలిసిన చోట ఉంటుంది. వదులైన బందు మనకు సోమవారం కనిపిస్తుంది. చెబితే "ఆదివారం చూద్దాం" అంటారు. ఆదివారం చుట్టాలొస్తారు. ఇలా ఆరు ఆదివారాలు గడిచాక తలుపే ఊడి చేతికొస్తుంది. ఉప్పు మాత్రం ఆదివారం దాకా ఆగదు కదా! ఇంట్లో ప్రతి అరనూ, ప్రతి మూలనూ రోజూ తాకేది మన చెయ్యే. ఏది కిర్రుమంటోందో, ఏది వదులైందో ముందు తెలిసేది మనకే. తెలిసిన చేతికే పనిముట్టు అందుబాటులో ఉండటం న్యాయం. మా ఇంట్లో ఆ డబ్బా ఇప్పుడు పోపుల పెట్టె ఉన్న అల్మారా కింది అరలో ఉంది. మావారికి స్క్రూడ్రైవరు కావాలంటే నన్నడిగి తీసుకుంటారు.

ఈ వారం పెద్ద పనులేం వద్దు. రెండే రెండు చెయ్యండి. బాల్కనీలోకి వెళ్ళి వేలాడుతున్న వాటిలో బరువైనవి దించండి. ఒక తడిగుడ్డ తీసుకుని గ్రిల్ అడుగుభాగం తుడిచి, ఆ గుడ్డ కొస నాలుక మీద కాస్త ఆనించి చూడండి. ఉప్పగా తగిలిందా? అయితే మీ ఇంటి పని అక్కడి నుంచే మొదలు!